అడగాల్సింది మనమే

కంప్యూటర్‌కెక్కించిన పాత కూలీల జాబితాలో మా ఊరి లచ్చయ్య పేరు వెతికాను. లేదంది. కాగితం మీద ఆయన లక్ష్మయ్య.

ఇట్లాంటి వెతుకులాటకు వాడే భాష ఎస్‌క్యూఎల్. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయ్స్ దీనికి పునాది వేశారు. ఎట్లా వెతకాలో చెప్పక్కర్లేదు, ఏం కావాలో చెబితే చాలు. 'లైక్' పక్కన 'ల%య్య' అని రాస్తే, % ఉన్నచోట ఏమున్నా సరే, మొదలూ చివరా కుదిరిన పేర్లన్నీ వస్తాయి: లచ్చయ్య, లక్ష్మయ్య, లింగయ్య కూడా. తండ్రిపేరు, ఊరు చూసి మనమే ఏరుకోవాలి.

అండర్‌స్కోర్ గుర్తు ఒక్క అక్షరానికే నిలబడుతుంది. అయితే యూనికోడ్ లెక్కలో మన 'లి' ఒకటి కాదు, రెండు: ల, దాని గుడి.

వెతికే దారి యంత్రం చూసుకుంటుంది. వాడలో పిలిచే పేరొకటి, రికార్డులో పేరొకటి అని దానికేం తెలుసు? తెలిసినవాళ్ళే ప్రశ్న రాయాలి. లేకపోతే ఉన్న మనిషి లేనట్టే.