బడి కోసం బాడుగిల్లు

కర్నూలు బస్టాండులో పొద్దున ఏడు గంటలకు ఎమ్మిగనూరు, పత్తికొండ బస్సులెక్కేవాళ్లను చూడండి. భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ క్యారియరు ఉన్నవాళ్లలో చాలామంది అయ్యవార్లు, టీచరమ్మలు. ఆ బస్సులు కోడుమూరు దాటేలోపు ఎదురుగా పసుప్పచ్చ స్కూలు బస్సులు వరసగా వస్తుంటాయి, పల్లెల పిల్లల్ని టౌనుకు తెస్తూ. చెప్పేవాళ్లు పల్లెకు, చదివేవాళ్లు టౌనుకు. సాయంత్రం అదే రోడ్డు మీద ఇదంతా తిరగబడుతుంది.

ఎక్కడ కాపురం పెట్టాలన్నది ఈ సీమలో ఒకప్పుడు నీళ్లను బట్టి తేలేది. బోరు పడిందా, బిందె ఎంతదూరం మోయాలి, తుంగభద్ర దిగువ కాలవ నీళ్లు చివరి చేలదాకా వస్తాయా అని చూసుకునేవాళ్లు. ఆ దిగులు పోలేదు. దానికి ఇప్పుడు బడి దిగులు తోడైంది. కాస్తో కూస్తో చేతిలో ఆడేవాళ్లు పిల్లోడు మూడో తరగతికి వచ్చేసరికి కర్నూలులోనో నంద్యాలలోనో కడపలోనో ప్రొద్దుటూరులోనో బాడుగిల్లు వెతుక్కుంటున్నారు.

దేవనకొండ వైపు పల్లె నుంచి వచ్చి కర్నూలులో ఒక గది, వంటిల్లు బాడుగకు తీసుకున్న ఒకామెను అడిగాను, ఊళ్లో బడి లేదా అమ్మా అని.

"బడి లేక కాదు సార్, ఉండాది. ఐదు తరగతులకు ఇద్దరయ్యోర్లు. ఒకాయన మీటింగుకు పోతే ఇంగొకాయన బువ్వ లెక్క రాసుకోవాల. మావోనికి మూడో తరగతికొచ్చినా రెండో ఎక్కం రాల్యా. ఇంగేం జెయ్యాల?"

ఆ గదిలో గోడవారగా జొన్నల సంచి, దాని మీద ఎర్రగడ్డల మూట. ఊరి నుంచి పెనిమిటి ఆదివారం బస్సులో తెచ్చి దించిపోతాడు. ఆయన ఊళ్లోనే ఉంటాడు, నాలుగెకరాల చేను, రెండు ఎనుములు ఉన్నాయి కాబట్టి. తన బువ్వ తానే వండుకుంటాడు, లేదంటే తల్లి వండిపెడుతుంది. ఈమె టౌనులో రెండిళ్లలో బోకులు తోముతుంది. ఫీజు ఎంత, బాడుగ ఎంత, పుస్తకాలకెంత అంటే వేళ్ల మీద చెప్పింది. రెండు పొయ్యిలు వెలిగించిన ఖర్చు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. పిల్లల చదువు ఖర్చు గురించి ఎవరు మాట్లాడినా ఈ రెండో పొయ్యి లెక్కకు రాదు.

బడిని తూచి ఇల్లు తీసుకునే స్తోమత ఉన్నవాళ్ల సంగతి ఇది. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, హొళగుంద, ఆస్పరి మండలాల్లో ఇంకో రకం కదలిక ఉంది. అక్కడ దాన్ని సుగ్గి అంటారు. దసరా, దీపావళి దాటగానే బొలేరోలు, లారీలు పల్లె నడిమికి వస్తాయి. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపుకు, కట్టడం పనులకు బెంగళూరుకు జనం తరలిపోతారు. చాలామంది ఉగాది దాకా తిరిగి రారు. ముసలివాళ్లు ఊళ్లో ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర వదులుతారు. లేకుంటే గిన్నెలతో పాటు పిల్లలూ బండెక్కుతారు. పెద్దపిల్ల చంటివాణ్ణి చూసుకోవాలి, పన్నెండేళ్లు దాటినవాడు కాయ కోస్తే వాడికీ కూలి వస్తుంది. జూన్‌లో నిండుగా ఉన్న హాజరు పట్టీ జనవరికి సగం ఖాళీ. మార్చిలో పదో తరగతి పరీక్ష.

టౌనులో బాడుగిల్లు తీసుకున్నామె, కోసిగి నుంచి మిరప చేలకు పోయినామె, ఇద్దరూ పిల్లల్ని ఊరి బడి నుంచి తీసుకుపోయినవాళ్లే. ఒకామె చదువు కోసం తీసుకుపోయింది, ఇంకొకామె తిండి కోసం. ఊళ్లో మిగిలిన బడికి మాత్రం ఇద్దరూ ఒకటే. పిల్లలు తగ్గారని పోస్టు తగ్గిస్తారు, అయ్యవారు తగ్గారని ఇంకో నలుగురు పిల్లల్ని మాన్పిస్తారు. 2022లో 117 నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలకు మార్చినప్పుడు చిన్న బడులు ఇంకాస్త చిక్కిపోయాయి. 2025లో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని మోడల్ ప్రైమరీ స్కూళ్లంటూ తరగతికొక టీచరు పద్ధతి తెచ్చారు. మంచిదే. కానీ పిల్లోడి పేరు మూడేళ్లలో రెండు బడుల మధ్య తిరిగితే, టౌనులో ప్రైవేటు స్కూలు కనీసం ఉన్నచోటే ఉంటుంది కదా అని తల్లికి అనిపించడంలో తప్పు లేదు.

ఫలితాల మాటకొస్తే, 2023లో పదో తరగతిలో రాష్ట్రంలో అట్టడుగున నిలిచింది నంద్యాల జిల్లా, 60.39 శాతం. మరుసటేడు ఆ చోటు కర్నూలుది, 62.47 శాతం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా రెండూ ఒకటే జిల్లా. ఆ రెండేళ్లూ మొదటి స్థానం పార్వతీపురం మన్యానిది. 2024లో అక్కడ 96.37 శాతం పాసయ్యారు. మన్యం ధనిక జిల్లా కాదు, కర్నూలుకంటే రోడ్లు బాగున్న జిల్లా కూడా కాదు. నాకు తోచిన పెద్ద తేడా ఒకటే: అక్కడ ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు పిల్లల్ని రాత్రి కూడా తమ దగ్గరే పెట్టుకుంటాయి. తల్లిదండ్రులు ఎక్కడికి పోయినా పిల్ల మంచం కదలదు. హాస్టలొక్కటే మందు అని మాత్రం అనలేం. ఆశ్రమ బడులున్న అల్లూరి జిల్లాయే 2025లో 47.64 శాతంతో అడుగుకు పోయింది.

ఇక్కడివాళ్ల కష్టం కొత్తదేమీ కాదు. కోసిగి, ఆస్పరి మండలాలున్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోవి. థామస్ మన్రో గవర్నరుగా ఉండగా జిల్లాల్లో బడులెన్నో లెక్క తీయమంటే, బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు: 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంకెలకంటే ఆయన చెప్పిన కారణం చదవదగ్గది. జనం పేదరికంలో పడ్డారనీ, మధ్యతరగతి, కింది తరగతివాళ్లు పిల్లల చదువు ఖర్చు భరించలేకపోతున్నారనీ, లేతచేతులు ఏ చిన్న పనికైనా వస్తే చాలు వాళ్ల సాయం ఇంటికి అవసరమవుతోందనీ రాశాడు. రెండు వందల ఏళ్ల కింద రాసిన ఆ మాటల్ని ఈ జనవరిలో పెద్దకడుబూరు బడిగోడకు అతికించినా తేదీ మార్చే పని తప్ప ఇంకేం ఉండదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్ల అక్షరాస్యత 50 శాతం కూడా తాకలేదు.

బడిని తూచే లెక్క ఇక్కడ ఎంత చిక్కులమారిదో బయటివాళ్లకు తెలియదు. మార్కులు, ఫీజు, బస్సు చూసుకుంటే సరిపోదు. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో నవోదయ ఉంది. ఆరో తరగతిలో సీటుకు పరీక్ష రాయాలి, సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెబడిలోనే చదివి ఉండాలి. అంటే అయ్యవార్లు తక్కువని టౌనుకు తెచ్చుకున్న పిల్లోడికి ఆ దారి ఇరుకైపోతుంది. అందుకే కొందరు పేరు పల్లెబడిలో ఉంచి, పిల్లోణ్ణి టౌను కోచింగులో కూర్చోబెడతారు. అందరికీ తెలిసిన రహస్యమే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఇంకో లెక్క. 2008లో వచ్చిన ఆ చదువుకు పదో తరగతి మార్కులే ఆధారం. హాస్టలు లేని సర్కారు బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం అదనంగా కలుపుతారు. కాబట్టి ఐదు దాకా పల్లె, పదికి సర్కారు బడి, మధ్యలో ఇంగ్లీషుకోసం ప్రైవేటు... ఇలా పిల్లోడి చుట్టూ అంచనాలు వేస్తూ కూర్చుంటారు తండ్రులు, పేకాటలో ముక్కలు కలుపుకున్నట్టు.

వీటన్నిటికీ పైన రాజ్యాంగంలోని 371-డి అధికరణం ఉంది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం పదో తరగతితో ముగిసే వరస నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. ఆలూరు, హొళగుంద వాళ్లకు బళ్లారి దగ్గర. బంధువులుంటారు, ఇంగ్లీషు మీడియం ఉంటుంది. కానీ పిల్లోణ్ణి అక్కడ వేస్తే రేపు కర్నూలు జిల్లా పోస్టుకు నాన్ లోకల్ అవుతాడేమోనని భయం. హైదరాబాదులో చదివించిన కర్నూలువాళ్లు 2014 విభజన తర్వాత ఈ దెబ్బ తిన్నారు. రాష్ట్రానికి తరలివచ్చినవాళ్లను లోకల్‌గా గుర్తించడానికి మూడేళ్ల గడువిచ్చి, దాన్ని మళ్లీ మళ్లీ పొడిగించాల్సివచ్చింది. స్టడీ సర్టిఫికెట్ల కోసం నాలుగు నుంచి పది దాకా చదివిన బడులన్నీ తిరిగినవాళ్లకు తెలుసు, ఇల్లు మారడమంటే ఇక్కడ సామాను సర్దుకోవడంతో అయిపోయే పని కాదని.

ఇంత లెక్కవేసి చేర్చిన ప్రైవేటు స్కూలు నిజంగా ఎంత మేలు? ఈ ప్రశ్నకు మన కడప జిల్లా పల్లెల్లోనే జవాబు వెతికారు. ఉమ్మడి రాష్ట్రంలో కడపతో కలిపి ఐదు జిల్లాల్లో 180 ఊళ్లలో, సర్కారు బడి పిల్లలకు లాటరీ తీసి, గెలిచినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. 2008లో మొదలైన ఆ ప్రయోగాన్ని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా లేదు. ప్రైవేటు బడి పిల్లలకు హిందీ మాత్రం బాగా వచ్చింది. ఆ బడులు పిల్లోడి మీద పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు, కాబట్టి తక్కువ డబ్బుతో అదే చదువు చెప్పాయని కూడా అనొచ్చు. కానీ ఎక్కం కోసం ఊరు విడిచిన తల్లికి ఇది చేదు వార్తే. ఆమె కొన్నది చదువులో కొంతే. మిగతాది పొద్దున ఎనిమిదికి బస్సు వస్తుందన్న నమ్మకం, క్లాసులో టీచరు ఉంటుందన్న నమ్మకం. దానికి ఆమెను తప్పుపట్టలేను.

మనవాళ్లు సముద్రాలు దాటినా ఈ లెక్క వదల్లేదు. టెక్సస్‌లో ఫ్రిస్కో, జార్జియాలో ఫోర్సైత్ కౌంటీ అంటూ తెలుగువాళ్లు గుంపుగా చేరేది స్కూలు రేటింగు చూసుకునే. అక్కడ బడి డబ్బులో పెద్ద భాగం ఇళ్ల పన్ను నుంచి వస్తుంది, ఇంటి చిరునామాను బట్టి బడి తేలుతుంది, మంచి బడి ఉన్న వీధిలో ఇల్లు ఖరీదెక్కుతుంది. బోస్టన్ శివార్లలో ఒకే ఊళ్లో బడి హద్దుకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి, పరీక్ష మార్కులు ఐదు శాతం ఎక్కువుంటే తల్లిదండ్రులు ఇంటికి రెండు శాతం పైచిలుకు ఎక్కువ పెడుతున్నారని సాండ్రా బ్లాక్ 1999లో తేల్చింది. మన దగ్గర బడికీ ఇంటి పన్నుకూ ఆ ముడి లేదు. సర్కారు జీతం కర్నూలు టీచరుకూ కోసిగి టీచరుకూ ఒకే స్కేలు. అయినా తేడా పుట్టుకొచ్చింది, టీచరు ఎక్కడ నిద్రపోతాడన్న దాంట్లోంచి.

బడి కోసం కాపురం చీలడానికి కడప వైపు ఇంకో రూపం. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ పోయిన ఆడవాళ్లు అక్కడి ఇళ్లలో పనిచేసి పంపిన దినార్లతో పిల్లలు ఇక్కడ ప్రైవేటు స్కూళ్లలో చదువుతున్నారు, అవ్వాతాతల దగ్గరుండి. బడి బాగుందా లేదా అన్నది వాట్సాప్‌లో ఫోటో తీసి పంపిన ప్రోగ్రెస్ కార్డును బట్టే తల్లికి తెలియాలి.

కోసిగి, ఆస్పరి లాంటి చోట్ల అసలు తూచాల్సింది ఏ బడి మేలు అని కాదు. పిల్లోడు జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఒక్కచోట ఉండగలడా అని. ఆ దిశగా ఉన్న ఏర్పాట్లు తక్కువేమీ కాదు. 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు ఈ మండలాల ఆడపిల్లల్ని ఇంటర్ దాకా నిలబెడుతున్నాయి. పన్నెండేళ్లకే పెళ్లి, కూలి అన్న చోట నుంచి నీట్ పుస్తకం పట్టుకున్న పిల్లలు వాటిలో ఉన్నారు. సుగ్గికి పోయినవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. పిల్లోడు బడిలోనే ఉంటాడు, మధ్యాహ్నం బడి బువ్వ, రాత్రి, పొద్దున హాస్టలు బువ్వ. ఆలోచన చక్కటిది, ఖర్చు కూడా చిన్నది. కానీ అక్టోబరులో బొలేరో పల్లెలోకి వచ్చే నాటికి హాస్టలు పొయ్యి వెలిగి ఉండాలి. మంజూరు కాగితం డిసెంబరులో వస్తే లాభం లేదు, పిల్లోడు అప్పటికే పత్తి చేలో ఉంటాడు. ఒకసారి బండెక్కినవాణ్ణి మధ్యలో దించి తెచ్చేవాళ్లు లేరు.

అయ్యవార్ల కొరత మాటకొస్తే, 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ ఉమ్మడి కర్నూలుకే వచ్చాయి. ఇన్నాళ్లు ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలిచ్చారు. కొత్త అయ్యవార్లు అక్టోబరులో బడుల్లో చేరారు, సరిగ్గా సుగ్గి బండ్లు కదిలే నెలలో. వాళ్లు కుర్రవాళ్లు, ఉత్సాహం ఉంది, కొందరు ఊళ్లోనే గది తీసుకున్నారు. బదిలీల్లో రోడ్డు సరిగా లేని నాలుగో కేటగిరీ ఊరికి ఏడాదికి ఐదు పాయింట్లు, టౌనుకు ఒకటి. కాబట్టి కోసిగిలో పనిచేసిన ప్రతి ఏడూ కర్నూలుకు దగ్గర చేసే ఏడే. ఐదారేళ్లకు వాళ్ల పిల్లలకూ బడీడు వస్తుంది. అప్పటికి చేతిలో పాయింట్లూ ఉంటాయి. ఊళ్లోని బడిలోనే తమ బిడ్డను కూర్చోబెట్టుకునే టీచరు ఎందరుంటారో చూసి, ఆ సంఖ్యను పాస్ శాతం పక్కన అచ్చువేస్తే బాగుండు. జిల్లా ర్యాంకుకంటే అదే ఎక్కువ చెబుతుంది.