ఆకాశం నుండి మందు

తెలుగులో ‘మందు’ అన్న మాట ప్రాణం పోసే ఔషధానికీ, పురుగును చంపే విషానికీ ఒక్కటే. 2021 సెప్టెంబరులో వికారాబాదు వద్ద డ్రోనులు టీకాలను, ఔషధాలను ఆకాశమార్గాన చేరవేసినప్పుడు జనం అబ్బురపడి చూశారు. అదే యంత్రం పురుగుమందును నింపుకొని పైకి లేచినప్పుడు మాత్రం అబ్బురపాటుతో పాటు అప్రమత్తత కూడా అవసరమవుతుంది.

ఖమ్మం నుండి భద్రాచలం దిశగా సాగే కొద్దీ మిరప, పత్తి చేలు అడవిని ఒరుసుకొని కనిపిస్తాయి. గట్టు దాటితే ఇప్పచెట్లు, తేనెపట్టులు, వాగులు, కోయగూడేలు. 2021-22లో నల్ల తామర పురుగు ఈ ప్రాంతపు మిరప తోటలను చిన్నాభిన్నం చేసింది. పూతలో దాగి రసం పీల్చే ఆ పురుగుపై రైతులు మందు మీద మందు చల్లారు. వీపున పంపు మోస్తూ విషపు తుంపరలోనే నడిచే కూలీకి డ్రోను గొప్ప ఊరట అనడంలో సందేహం లేదు.

చిక్కు మరొక చోట ఉంది. చేతిపంపుతో ఎకరానికి నూరు లీటర్లకు పైబడి నీరు పడితే, డ్రోనుకు సుమారు పది లీటర్లు చాలు. నీరు తగ్గితే ద్రావణం చిక్కబడుతుంది. తుంపర సన్నబడి గాలివాటున గట్టు దాటుతుంది. గాలికి పట్టా భూమి, అటవీ భూమి అనే భేదం లేదు.

అందుకే చట్టం పలు వైపుల నుండి కట్టడి చేసింది. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోను నిబంధనల ప్రకారం ప్రమాదకర సరకులను మోసే డ్రోను 2003 నాటి విమానయాన ప్రమాదకర సరకుల నియమాలకు లోబడాలి. మందు చల్లే డ్రోనుకు విశిష్ట సంఖ్య, నడిపేవారికి ధ్రువపత్రం తప్పనిసరి. ఆకాశపటంలో ఎరుపు రంగు నిషిద్ధ గగనాన్ని సూచిస్తే, మందు డబ్బాపై ఎరుపు త్రికోణం అత్యంత తీవ్రమైన విషాన్ని సూచిస్తుంది. నడిపేవారికి రెండు ఎరుపులూ తెలియాలి. కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో డ్రోను పిచికారీకి ప్రత్యేక విధివిధానాలను ప్రకటించింది.

వీటన్నిటికంటె పాతది 1971 నాటి క్రిమిసంహారక నిబంధన. గగనతలం నుండి మందు చల్లే ముందు హద్దులు గుర్తించాలని, ఇరవై నాలుగు గంటల ముందే ప్రజలకు తెలియజేయాలని, మనుషులనూ పశువులనూ నిర్ణీత కాలం ఆ చోటికి రానీయరాదని అది శాసించింది. అయినా కేరళలోని కాసరగోడులో జీడిమామిడి తోటలపై రెండు దశాబ్దాల పాటు హెలికాప్టర్ల నుండి ఎండోసల్ఫాన్ కురిసింది. వైకల్యాలతో పుట్టిన పిల్లల గోడు దేశమంతా విన్న తరువాత, 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించింది. నియమం లేక కాదు, దానిని అమలు జరిపించే నాథుడు లేక ఆ అనర్థం వాటిల్లింది.

భద్రాచలం అడవి అంచున ఆ ‘ఇరవై నాలుగు గంటల’ మాటను గట్టిగా పరీక్షించవలసి ఉంది. పంచాయతీ గోడకు అంటించిన కాగితం, తెల్లవారకముందే ఇప్పపూవు ఏరడానికి వెళ్ళిన స్త్రీకి చేరదు. మేకలను తోలుకొని వాగు దాటిన పిల్లవానికీ చేరదు. గూడెంలో దండోరా వేయించాలి; అదీ కోయభాషలో, ముందు రోజు పొద్దు వాలక మునుపే.