బాయి ఉంటదా బాపూ?

దోహా: శుక్రవారం పొద్దున మా క్యాంపులో ఎవరి ఫోను వాళ్ళ చెవికి అతుక్కుని ఉంటుంది. కోనసీమ అన్న కొబ్బరికాయ ధర అడుగుతాడు. ఆర్మూర్ తమ్ముడు పసుపు ఎంత పలికిందని అడుగుతాడు. మా గదిలో ఉండేది ఆరుగురం. అందులో నలుగురం మాత్రం ఇంటికి ఫోన్ చేసి, పిల్లల మంచిచెడ్డలు అడగ్గానే "టార్గెట్ ఎంతకొచ్చింది?" అంటాం. కొత్తగా గదిలో చేరినవాళ్ళు మమ్మల్ని వింతగా చూస్తారు. మాది గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, ఇల్లెందు. నలుగురివీ నాలుగు ఊళ్ళు, నలుగురి బాపులదీ ఒకటే కంపెనీ, సింగరేణి.

మా దిక్కు గనిని గని అనరు, బాయి అంటారు. "బాపు ఏడి?" అంటే "బాయికి పోయిండు" అని జవాబు. ఏదో బావిలో నీళ్ళు తోడటానికి పోయాడనుకున్నాడు మా గదిలోని గుంటూరు తమ్ముడు. సింగరేణి అంటే పేపర్లో కనిపించే పెద్ద పెద్ద డంపర్లు, షావెల్స్ తిరిగే ఓపెన్‌కాస్టు గనులే అనుకునేవాళ్ళు కూడా ఎక్కువే. మేం చెప్పేది వాటి గురించి కాదు. భూమిలోకి ఏటవాలుగా దిగే పాత బాయిల గురించి. కొన్ని వందల మంది మూడు షిఫ్టుల్లో దిగితే రోజుకు కొన్ని వందల టన్నులు పైకొచ్చే చిన్న బాయిలు. మమ్మల్ని సాకినవి అవే.

ఖతార్‌లో బొగ్గు లేదు. ఇక్కడిదంతా గ్యాస్. రాస్ లఫ్ఫాన్ రేవు నుంచి ఓడలకెక్కి పోయే ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేనే. మా బాపుల కాలంలో సర్దార్ పని మొదలుకాకముందే సేఫ్టీ ల్యాంపు పట్టుకుని మూలమూలనా వెతికి భయపడింది కూడా ఈ మీథేన్‌కే. అక్కడ ప్రాణం తీసేది ఇక్కడ దేశాన్ని నడుపుతోంది. మన దేశం కూడా ఏటా 75 లక్షల టన్నులు ఇక్కడి నుంచే కొంటోంది. 2024 ఫిబ్రవరిలో ఆ ఒప్పందాన్ని 2048 దాకా పొడిగించారు. ఇక్కడి గ్యాస్‌కు 2048 దాకా భరోసా ఉంది, మా బాయికి వచ్చే మార్చి దాకా ఉందో లేదో అని మాలో మేం నవ్వుకుంటాం.

ఏప్రిల్ 1 నుంచి లెక్క

బాయికి కొత్త సంవత్సరం ఏప్రిల్ 1న వస్తుంది. ఆ రోజు కొత్త టార్గెట్ బోర్డు మీదికెక్కుతుంది. అప్పటికే ఎండలు ముదిరి ఉంటాయి. పైగా పెళ్ళిళ్ళ సీజన్. మస్టర్లు పడిపోతాయి. పది మంది ఉండాల్సిన గ్యాంగులో ఆరుగురే వస్తే, ఫేస్ దగ్గర మిషన్ ఉన్నా పని సాగదు. ఓపెన్‌కాస్టులో ఒక డ్రైవర్ రాకపోతే ఇంకొకరిని ఎక్కిస్తారు. బాయిలో అట్లా కాదు. రూఫుకు బోల్టు కొట్టేవాడు రాకపోతే, బొగ్గు తీసేవాడు లోపలికి అడుగుపెట్టకూడదు.

లోపలి పని ఎట్లుంటుందో గదిలో అడిగినవాళ్ళకు మేం ఇట్లా చెబుతాం. బొగ్గు పొరలో వీధులు వేసినట్టు గల్లీలు తవ్వుకుంటూ పోతారు. గల్లీకీ గల్లీకీ మధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. పైకప్పును మోసేది ఆ స్తంభాలే. తవ్వకం చివరి దాకా వెళ్ళాక, వెనక్కి వస్తూ ఒక్కొక్క స్తంభాన్నీ తీస్తారు. తీసిన చోట పైకప్పు కూలిపోతుంది. కూలనివ్వకూడదంటే, ఆ ఖాళీలోకి పైనుంచి నీళ్ళతో కలిపి ఇసుక పంపి నింపుతారు. ఆ ఇసుక గోదావరిది. ఇసుక కరువైతే పని ఆగుతుంది. ఓపెన్‌కాస్టుల్లో తీసిపోసిన మట్టిని కడిగి ఇసుకలా వాడటం కూడా అందుకే మొదలుపెట్టారు.

మా బాపు 1986లో బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. తట్టా, చెమ్మస్ పట్టుకుని టబ్బు నింపడం పని. చెమ్మస్ అంటే పార. టబ్బుకు దాదాపు టన్ను. తర్వాత ఎస్‌డీఎల్ మిషన్లు వచ్చాయి, తట్టలు పోయాయి, బాపు సపోర్టు పనికి మారాడు. బాయి పాతబడిన కొద్దీ బొగ్గు దూరమవుతుంది. మొహం నుంచి పని జాగా దాకా గంటసేపు నడక. రాను ఒక గంట, పోను ఒక గంట పోతే ఎనిమిది గంటల షిఫ్టులో పని జరిగేదెంత? కొన్ని బాయిల్లో మనుషులు కూర్చుని దిగే చైర్‌లిఫ్టులు పెట్టాక ఆ బాధ కొంత తప్పింది. అయినా గాలి పంపే ఫ్యాను, నీళ్ళు తోడే పంపులు బొగ్గు వచ్చినా రాకపోయినా రాత్రింబవళ్ళు తిరగాల్సిందే. ఆ కరెంటు ఖర్చు టన్ను మీదే పడుతుంది. భూగర్భ గనిలో టన్ను తీయడానికయ్యే ఖర్చు అమ్మకం ధరకు రెట్టింపు దాటిందని కంపెనీ చెప్పే లెక్క ఇట్లా పుట్టిందే.

ఇక దసరా ముందు లాభాల వాటా. మా ఊళ్ళల్ల ఏడాది మొత్తానికి పెద్ద వార్త అదే. 2023-24కు 33 శాతం వాటా కింద 796 కోట్లు పంచారు. ఆ వారం బంగారం షాపులు, బైక్ షోరూములు కిటకిట. డిసెంబర్ 23న సింగరేణి డే, 1920లో ఆ రోజే కంపెనీకి ఈ పేరు వచ్చింది. సంక్రాంతి దాటాక ఇక ఎవరూ మాట్లాడరు, ఉరుకుడే. మార్చి నెలలో సెలవు అడిగితే పిల్లనిచ్చిన మామ పోయాడన్నా నమ్మరు అంటాడు మా మందమర్రి తమ్ముడు.

వాన, నీళ్ళు, కప్పు

చిన్న బాయికి దెబ్బలు ఒక్క దిక్కు నుంచి రావు. 2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ఒక్కసారిగా దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. మాలో గోదావరిఖని అన్న అప్పుడు పదో తరగతి దాటాడు. గని గేటు దగ్గర జనంలో నిలబడిన సంగతి ఇప్పటికీ సగంలోనే ఆపేస్తాడు. 2021 నవంబర్‌లో శ్రీరాంపూర్‌లో ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు, 2022 మార్చిలో రామగుండం దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు పోయారు. అడ్రియాల చిన్న గని కాదు, కొత్త యంత్రాలతో నడిచే గని. కప్పుకు ఆ తేడా తెలియదు.

కప్పు సంగతి మాకు ఇక్కడే బాగా తెలిసొచ్చింది. దోహా మెట్రో పనికి కొన్నాళ్ళు సొరంగంలోకి దిగాం. 21 టన్నెల్ బోరింగ్ మిషన్లు ఒకేసారి నడిచిన ప్రాజెక్టు అది, గిన్నిస్ రికార్డు. మిషన్ ముందుకు తొలుస్తుంటే వెనకాలే కాంక్రీటు సెగ్మెంట్లతో రింగు కట్టేస్తారు. మొదటి రోజు రాత్రి బాపుకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాం.

"గాలి మంచిగ వస్తున్నదా?" అన్నాడు.

"వస్తున్నది బాపూ, పెద్ద పైపు ఉన్నది."

"పైకప్పు కొట్టి చూసిర్రా?"

కొట్టే అవసరం లేదు, అంతా కాంక్రీటే అన్నాం. బాపు ఒప్పుకోలేదు. రాడ్‌తో కొడితే గట్టి కప్పు కంగుమంటది, పొర విడిన కప్పు డప్పులెక్క బొదబొదమంటది, చెవితో పట్టుకోవాలె అని పావుగంట చెప్పాడు. డిప్లొమాలో మాకు ఏ సారూ చెప్పని పాఠం. మర్నాడు షిఫ్టులో ఎవరూ చూడకుండా సెగ్మెంటు మీద రెంచితో ఒక దెబ్బ కొట్టి చూశాం. కంగుమంది.

ప్రమాదాలు పేపర్లో వస్తాయి. బాయి మెల్లగా చావడం మాత్రం పేపర్లో రాదు. సింగరేణి 1990లలో రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గడప తొక్కి బయటపడింది. 1990-91లో లక్షా 16 వేల మంది ఉన్న కంపెనీలో ఇప్పుడు పర్మినెంటు కార్మికులు 40 వేల చిల్లర. కాంట్రాక్టు కార్మికులు పాతిక వేలు పైనే. అదే సమయంలో బొగ్గు తగ్గలేదు, పెరిగింది. 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. అందులో నూటికి 90 పాళ్ళకు మించి ఓపెన్‌కాస్టులదే. మిగిలిన భూగర్భ గనులు ఇరవై పైచిలుకు. కొత్తగూడెంలో వీకే-7, గోదావరిఖనిలో జీడీకే-5 లాంటి పాత బాయిలున్న జాగాల్లో ఇప్పుడు ఓపెన్‌కాస్టులు తవ్వుతున్నారు. బెల్లంపల్లిలో ఒక్కో బాయి మూతపడిన కొద్దీ క్వార్టర్లు, బజారు ఎట్లా ఖాళీ అయ్యాయో మా శ్రీరాంపూర్ తమ్ముడి అమ్మమ్మగారి ఊరు కాబట్టి కళ్ళారా చూశాడు. కొత్త బ్లాకుల సంగతి చూస్తే, నాలుగింటిని వేలం వేయవద్దని 2021 డిసెంబర్‌లో మూడు రోజులు సమ్మె చేశారు. ఇప్పుడు కంపెనీ ఒడిశా దాకా పోయి 2025 ఏప్రిల్‌లో నైనీ గని మొదలుపెట్టింది. అది కూడా ఓపెన్‌కాస్టే.

వీఆర్‌ఎస్ డబ్బుల్లోంచి కొడుకు వీసాకు కట్టిన ఇళ్ళు మాకు వేళ్ళ మీద లెక్కపెట్టలేనన్ని తెలుసు. బాయి దిగాల్సిన కొడుకులే ఇక్కడ సైట్లలో హెల్మెట్ పెట్టుకుని తిరుగుతున్నారు.

నలభై దాటకముందే

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2016 చివర్లో సింగరేణిలో వారసత్వ ఉద్యోగాలు ఇస్తామన్నప్పుడు ఈ క్యాంపులో ఒక పండుగే జరిగింది. మా పక్క గది అన్న రిజైన్ చేసి టికెట్ తీసుకుని ఇంటికి పోయాడు. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఆ అన్న కొత్త వీసాకు మళ్ళీ అప్పు చేసి వచ్చాడు. తర్వాత 2018 నుంచి కారుణ్య నియామకాలు వచ్చాయి. కార్మికుడు జబ్బుతో పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే కొడుక్కో, అల్లుడికో, బిడ్డకో ఉద్యోగం. వయసు 35 లోపు ఉండాలన్నారు. అది దాటిపోయిందని మేం ఆశ వదులుకున్నాం. 2024లో 40కి పెంచారు.

మాకిప్పుడు 37. బాపుకు 59. సింగరేణిలో రిటైర్మెంటు 61. అంటే దారి రెండేళ్ళే తెరిచి ఉంటుంది. అమ్మ ప్రతి శుక్రవారం అదే మాట. "పిల్లలు నిన్ను ఫోన్లనే చూస్తున్నరు బిడ్డా. బాపుకు జెర చెప్పు, బోర్డుకు పెట్టుకొమ్మను." చెప్పాం. బాపు జవాబు కూడా ప్రతిసారీ ఒకటే.

"నాకేం రోగమున్నదిరా? మోకాళ్ళు గుంజుతయి, గంతే. లేని రోగం యాడికెళ్ళి తేవాలె? నిజంగ ఊపిరాడనోళ్ళు లైన్ల నిలబడ్డరు ఆడ."

ఆ మాటకు మా దగ్గర ఎదురుమాట లేదు. బాపుకు జబ్బు రావాలని కోరుకోవడం ఎట్లా? అట్లాగని రాకుండా రిటైర్ అయితే మేం ఇక్కడే మిగిలిపోతాం. గదిలో నలుగురం దీని మీద ఎన్ని రాత్రులు మాట్లాడామో. పోయినా జనరల్ మజ్దూర్‌గా బాయిలోకే దిగాలి, ఇక్కడ ముప్పై మందిని నడిపిస్తున్నవాడివి అక్కడ టోపీ లైటు పెట్టుకుని ట్రాక్ సర్దుతావా అని గోదావరిఖని అన్న అడుగుతాడు. సర్దుతాం. అందులో నామోషీ ఏమీ లేదు. మా భయం వేరు. మేం పోయి చేరే బాయి ఎన్నేళ్ళు ఉంటుంది? బాపు మొదటి బాయి బొగ్గు అయిపోయి మూతపడ్డాకే ఇప్పటి బాయికి మారాడు. ఈ బాయి కూడా ప్రతి ఏప్రిల్‌లో నష్టాల లెక్కలోనే మొదలవుతుంది.

పోయిన వానాకాలం ఫోన్ చేసినప్పుడు ఇక్కడ ఎండ మండుతోంది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పదింటి నుంచి మూడున్నర దాకా బయటి పని బంద్ కాబట్టి క్యాంపులోనే ఉన్నాం. అక్కడ నాలుగు రోజులుగా ముసురు. 2022 జూలైలో గోదావరి వరదప్పుడు ఓపెన్‌కాస్టులన్నీ చెరువులైన సంగతి గుర్తొచ్చి, "పని నడుస్తున్నదా బాపూ?" అని అడిగాం.

"ఓసీలు బంద్. షావెళ్ళు, డంపర్లు అన్నీ గట్టు మీద నిలబడ్డయి" అన్నాడు. గొంతులో చిన్న నవ్వు. "మా బాయి నడుస్తున్నది. గీ నాలుగు రోజులు మేమే తీస్తున్నం బొగ్గు."

"గట్లయితే బాయి ఉంటదా బాపూ?" అన్నాం.

"వాన ఉన్నన్ని రోజులైతే ఉంటది. ఫస్ట్ షిఫ్టు నాది, బస్సొచ్చింది" అని ఫోన్ పెట్టేశాడు.