ఆప్షన్ వ్యాపారం, కంప్యూటరు లెక్క

షేరు మార్కెటులో ఆప్షన్ అనగా ఒక హక్కు. ముందుగా నిశ్చయించిన ధరకు, నిర్ణీత గడువులో, ఒక షేరును కొనే లేక అమ్మే హక్కు. దీనికై చెల్లించే సొమ్ము ప్రీమియం. హక్కును వాడుకోకపోయినా అది తిరిగి రాదు.

ప్రీమియం ఎంత ఉండాలన్న ప్రశ్నకు 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక సూత్రాన్ని ప్రకటించారు. అదే ఏడాది షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి మొదలయింది. సూత్రానికి కావలసినవి ఐదు: షేరు నేటి ధర, నిశ్చయించిన ధర, మిగిలిన గడువు, వడ్డీ రేటు, ఇకముందు ధర ఎంతగా ఊగిసలాడుతుందన్న అంచనా. మొదటి నాలుగూ తెలిసినవే. ఐదవది ఎవరికీ తెలియదు. నేటి సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను క్షణంలో వేలసార్లు చేయగలదు గాని, ఆ అంచనాను నిశ్చయంగా మార్చజాలదు.

ఫిఖ్హ్ గ్రంథాలలోని ‘ఖియార్’ ఇదే గదా అని కొందరు తలుస్తారు. ఖియారె షర్త్‌లో నిజమైన బేరం జరుగుతుంది. రద్దు చేసుకొనే గడువుకు వేరే వెల ఉండదు. కొందరు దీనిని బయానాతో పోలుస్తారు. బేరం పూర్తయితే బయానా ధరలో జమ అవుతుంది, ప్రీమియం కాదు. ఆప్షన్‌లో అమ్ముడుపోయేది వట్టి హక్కు. అది ధనమూ కాదు, ప్రయోజనమూ కాదు, మార్పిడికి తగిన ఆర్థిక హక్కూ కాదు గనుక ఈ ఒప్పందం ధర్మసమ్మతం కాదని 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. సూచీ ఆప్షన్లలోనైతే షేరు చేతులే మారదు. తేడా సొమ్ము మాత్రం ఒకరి నుండి మరొకరికి పోతుంది.

అనుభవం ఏమి చెబుతున్నది? 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుండి మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటిమందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు. 2023-24లో విదేశీ మదుపు సంస్థలు, సొంత సొమ్ముతో వర్తకం చేసే సంస్థలు గడించిన లాభంలో వరుసగా 97, 96 శాతం కంప్యూటరు నడిపిన వర్తకం నుండే వచ్చింది. అనగా ఇంటి పొదుపుతో, ఫోనులోని సాఫ్ట్‌వేర్‌తో బయలుదేరిన యువకునికి ఎదురుగా అంతకన్నా ఎంతో శక్తిగల యంత్రాలు నిలిచి ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ నిషిద్ధ వస్తువేమీ కాదు. ఒక కంపెనీ వ్యాపారం ధర్మసమ్మతమైనదేనా, దాని వడ్డీ అప్పు షరీఅత్ పండితులు సూచించిన పరిమితిలో ఉన్నదా, వడ్డీ ఆదాయం ఎంత అన్నవి పరిశీలించి షేర్లు కొనేవారికి అది మంచి సహాయకారి. ఏ సాఫ్ట్‌వేర్ మేలైనదని అడుగకముందే, దానితో కొనబోతున్నది ఏమిటని విచారించుకొనుట ముస్లిం మదుపరి విధి.