పులసలన్నీ ఒకటేనా?

మొన్న వరదలప్పుడు మా చెల్లెలు సూరత్ నుంచి వచ్చింది. ఎన్నేళ్లకో వచ్చిన మనిషికి పులస పెట్టకపోతే ఎలాగని యానాంలో గోదారి గట్టుకి పోయి, ఒక్క చేపకి నాలుగు వేలు పోశాను. ఇంటికి తెచ్చాక మా ఆవిడ చేత్తో నొక్కి చూసి, "ఇది గోదారెక్కిన చేప కాదు, ఐసులో వచ్చిన విలస" అంది. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, పుస్తెలమ్మి విలస తినమని ఎవరూ అనలేదు కదండీ!

మా మనవడు డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాడు. వాడు నవ్వి, "తాతా, రెండూ ఒకే చేప" అన్నాడు. సముద్రంలో ఉంటే విలస. ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురీదితే పులస. బెంగాలీవాళ్ల ఇలిష్ కూడా ఇదే. విశాఖపట్నంలో రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు మనవాళ్లని అడిగి చేపల పేర్లు రాసుకుని, 1803లో పుస్తకం వేయించాడట. అందులో దీని పేరు 'పలాసా'. దాన్ని చూసి 1829లో ఫ్రాన్సు పండితుడు కువియే శాస్త్రం పేరులో కూడా 'పలాసా' అనే పెట్టాడు. కానీ 1822లోనే హామిల్టన్ బెంగాలీ మాటతో 'ఇలిషా' అని పెట్టేయడంతో ఆ పేరే నిలిచింది. మనది ఏడేళ్లు ఆలస్యం!

అయితే ఎక్కడి పులసైనా ఒకటేనా అంటే, ఇక్కడ మన మిల్లు సంగతి చెప్పాలి. నేను స్పిన్నింగులో ఉన్నప్పుడు ఒకసారి నలభై కౌంటు కోన్లలో అరవై కౌంటువి కలిసిపోయాయి. అన్నీ తెల్లనూలే, కంటికి తేడా తెలీదు. బట్ట నేసి రంగులో ముంచాక చారలు తేలాయి. నా ఒకరోజు జీతం పోయింది.

చేపకి ఆ రంగు పరీక్ష లాంటిది జన్యు పరీక్ష. 2019లో బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు అక్కడి ఇలిష్‌లకి చేసి చూస్తే, పైకి ఒక్కలా ఉన్న చేపల్లో మూడు గుంపులు తేలాయి. బురదనీటి నదులవి ఒకటి, తేటనీటి నదులవి ఒకటి, సముద్రం, ఉప్పుటేరులవి ఒకటి. ఏ నీటికి తగ్గ నూలు ఆ నీటిదన్నమాట. ఒక గుంపు పోతే, ఇంకోచోటి పిల్లలు తెచ్చి వదిలినా అది అతుకే గానీ అసలు నేత కాదు.

అందుకే నాకు దిగులు. గంగకి అడ్డంగా 1975లో ఫరక్కా కట్టాక అలహాబాదు దాకా పోయే ఇలిష్ ఆగిపోయింది. మనకి ధవళేశ్వరం ఆనకట్ట 1852 నుంచీ ఉంది. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పులస వచ్చేది ఆ తర్వాత! కడుపులో లక్షల గుడ్లతో మన రేవు దాటబోతుంటే వల వేస్తాం. పైగా గుడ్లున్నదానికే గిరాకీ, మా ఇంట్లోనూ అంతే. తిరిగి సముద్రానికి పోయే పిల్లలు దోమతెర లాంటి వలల్లో పడితే ఎండుచేపల లెక్కలో పోతాయి. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు పట్టడం, అమ్మడం ఆపేస్తారు. ఆ రోజుల్లో జాలర్ల ఇళ్లకి బియ్యం ఇస్తారు. బియ్యం లేకుండా ఆపమంటే ఎవరు ఆపుతారు? లాకౌట్ రోజులు చూసిన మనకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ నాలుగు వేల విలసని మా ఆవిడ బెండకాయలు వేసి, మట్టి దాకలో పులుసు పెట్టింది. మా చెల్లెలు మర్నాడు కూడా అడిగి వేయించుకుంది. అది విలసని దానికి ఇంకా చెప్పలేదు.