ముసలికుక్క, మందు, ఆట

తెల్లవారుజామున, రేడియోలో ప్రారంభ సంగీతము వినబడకమునుపే, మా పెరటిలో ఒక ఆట ముగియుచుండును. ఏడు కొబ్బరి చిప్పలను నేలపై అక్కడక్కడ బోర్లించెదము. ఒకదాని క్రింద ఉడికిన కోడిగ్రుడ్డు ముక్క యుండును. చుక్క యను మా నాటుకుక్క, పదునొకండేండ్ల ముసలిది, ముక్కు నేలకానించి బయలుదేరును. మూడు నాలుగు చిప్పలను లెక్కచేయక దాటిపోవును. ఒకదానియొద్ద ఠక్కున నిలిచి, దానిని ముట్టక, మా ముఖము వంక చూచును. "అదే" యని మేమనవలెను. అప్పుడుగాని చిప్పను దొర్లింపదు. ఇట్లు ఐదారు మారులు. అంతటితో సరి.

చుక్కకు క్యాన్సరు. మన పెద్దలు రాచపుండనెడి వ్యాధి కుక్కలకును వచ్చునని చాలమందికి తెలియదు. గత కార్తికములో దాని దవడల క్రింద, మోకాళ్ల వెనుక బిళ్లలు కట్టినవి. నొప్పిలేదు, నిమ్మకాయంత పెరుగువరకు మేమును పట్టించుకొనలేదు. పశువైద్యుడు సూదితో కొంచెము రసము తీసి, సూక్ష్మదర్శినిలో చూచి, లింఫోమా యని చెప్పినాడు. నాటినుండి దానికి సూదులు వేయించుచున్నాము. ఆ సంగతి నెరిగిన పొరుగింటి పెద్దమ్మ ఒకనాడు గోడమీదుగా మా ఆటను చూచి, "ఏమప్పా, జబ్బుజేసిన కుక్కతో ఆటలేంది? కడుపుకింత బెట్టి పండుకోనీరాదా దాన్ని?" అని అడిగినది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. మేమును మొదటి రెండు వారములు చుక్కను పండుకొననిచ్చితిమి. అది గోడవైపు ముఖము పెట్టుకొని పండుకొన్నది. అన్నము ముట్టదు, పిలిచిన చెవి కదల్పదు. జబ్బువలననా, మందువలననా, లేక తన పని తనకు లేకుండ పోయినందువలననా యని మాకు సందేహము కలిగినది.

ఈ ప్రాంతమున కుక్కలకు వైద్యమన్న తిరుపతి పేరే ముందు వచ్చును. అచ్చట పశువైద్య కళాశాల 1955లో ప్రారంభమైనది. 2005లో శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ మేర్పడినప్పటినుండి అది దానిలో భాగము. చిత్తూరునుండి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. జబ్బుకుక్కను ఒడిలో పెట్టుకొని ఆ దూరము ప్రయాణము చేసినవారికి, చికిత్సలో సగము అలసట దారిలోనే యున్నదని తెలియును. సూది వేయించిన దినమున ఆట తలపెట్టరాదనుటకు మొదటి కారణమదే.

మన వీధికుక్కలలో తరచుగ కనబడు క్యాన్సరు ఒకటి విచిత్రమైనది. అది జననాంగములపై కాలీఫ్లవరు పువ్వువలె పెరిగి రక్తమోడుచుండును. సంపర్కమువలన ఒక కుక్కనుండి మరియొకదానికి అంటును. క్రిమి కాదు, క్యాన్సరు కణమే స్వయముగ ఒక శరీరమునుండి మరియొక శరీరమునకు దుమికి నాటుకొనును. 1876లో నోవిన్‌స్కీ యను రష్యా పశువైద్యుడు దీనిని ఒక కుక్కనుండి మరియొక కుక్కకు అంటించి చూపినాడు. ప్రపంచమందలి ఇట్టి కంతులన్నియు కొన్నివేల యేండ్ల క్రిందట బ్రదికిన ఒకే కుక్క కణములనుండి పుట్టినవని జన్యుశాస్త్రము నేడు చెప్పుచున్నది. దీనికి వారమునకొక్కటి చొప్పున విన్‌క్రిస్టిన్ అను మందును నరమునకెక్కించినచో, చాలవరకు కొలది వారములలోనే కంతి కరగిపోవును. చుక్కకు వచ్చిన లింఫోమా అంత సులువుగ లొంగునది కాదు. కాని అందును ఈ మందే ముఖ్యమైనవానిలో ఒకటి.

ఆ మందు పుట్టుక మన పెరటిదే యనవచ్చును. బిళ్లగన్నేరు మొక్క నెరుగని తెలుగిల్లు లేదు. దాని జన్మస్థానము మడగాస్కరు ద్వీపము. మధుమేహమునకు పనికివచ్చునేమో యని కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు దాని ఆకును పరీక్షించుచుండగా, అది తెల్లకణములను తగ్గించుట కనబడినది. 1958లో విన్‌బ్లాస్టిన్, దానివెంట విన్‌క్రిస్టిన్ వెలువడినవి. వందల కిలోల ఎండుటాకునుండి ఒక గ్రాము మందైనను లభించుట కష్టము. ఈ కథ విని ఎవరైనను బిళ్లగన్నేరు ఆకు కషాయము కాచి కుక్కకు పోయుదురేమో! అట్లెన్నడును చేయరాదు. ఆ ఆకు విషము. వైద్యుడు మిల్లీగ్రాములో భాగములు తూచి నరములో మాత్రమే యెక్కించును; నరము తప్పి బయట పడినచో అచ్చటి మాంసము కుళ్లును.

ఇక ఆట మాట. మనుష్యులకు క్యాన్సరు మందు లిచ్చునప్పుడు వ్యాధిని సమూలముగ పెరికివేయవలెనని, అందుకు రోగి యెంత బాధపడినను సహింపవలెనని తలచుదురు. కుక్కల విషయమున పశువైద్యుల లెక్క వేరు. కుక్కకు రేపటి ఆశ చూపి నేటి బాధ నోర్చుకొమ్మని చెప్పలేము గదా! అందుచేత మోతాదు తక్కువగ ఉంచి, ఉన్నన్ని దినములు సుఖముగ గడుపునట్లు చూతురు. చాల జాతులకు వెండ్రుకలు రాలవు. వాంతి, నీరసము రెండు మూడు దినములుండి పోవును. లింఫోమాకు చికిత్స లేనిచో నెల, రెండు నెలలు. పలు మందులు కలిపి వాడినచో సగము కుక్కలు సుమారొక సంవత్సరము వరకు బ్రదుకవచ్చును. చుక్కకు లభించిన గడువులో నూటికి డెబ్బది, ఎనుబది దినములు అది లేచి తిరుగగలిగిన దినములే. ఆ దినములను గోడవైపు చూచుచు గడుపనిచ్చుటా? మేము ఆట పక్షమునకు వచ్చితిమి.

కుక్కల క్రీడలన్న పరుగు, దుముకుడు గుర్తునకు వచ్చును. కడ్డీలు దాటుట, గొట్టములలో దూరుట, వరుస కర్రల నడుమ మెలికలు తిరుగుట, ఇవన్నియు కలిసిన అజిలిటీ యను పోటీ 1978లో లండనులోని క్రఫ్ట్స్ ప్రదర్శనమున వినోదముగ మొదలై దేశదేశముల వ్యాపించినది. చుక్క తన యౌవనములో మా ప్రహరీగోడనే దుమికెడిది. ఇప్పుడు తగదు. లింఫోమాకిచ్చు ప్రెడ్నిసొలోన్ ఆకలిని, దాహమును పెంచును గాని తొడల కండను కరగించును. విన్‌క్రిస్టిన్ కొన్నింట వెనుక కాళ్ల నరములను మందగింపజేయును. కావున దుముకుడు మానిపించి, నేలపై పరచిన వెదురు నిచ్చెన మెట్ల నడుమ ఒక్కొక్క అడుగు చూచుకొని నడచుట మాత్రము ఉంచితిమి. కాలు మొద్దుబారుచున్నదా లేదా యని మాకు మొదట తెలుపునది ఆ నిచ్చెనయే.

కాని ముసలికుక్కకు తగిన క్రీడ ముక్కుతో ఆడునది. మోకాలు అరిగినను, కన్ను మసకబారినను, ముక్కు చాలకాలము నిలుచును. మన నాసికలో వాసన పట్టు కణములు 50, 60 లక్షలుండగా కుక్కకు 10 కోట్లకు పైబడి యుండును. పోలీసు కుక్కల శిక్షణనుండి గ్రహించి అమెరికాలో దీనిని ఇంటికుక్కల క్రీడగ మార్చిరి. అందు లవంగ నూనె వంటి వాసనలను దూదిలో తడిపి పెట్టెలలో దాచుదురు. 2019లో డ్యురాంటన్, హోరొవిట్జ్ అను పరిశోధకులొక ప్రయోగమును ప్రకటించిరి. ఒక మూల పెట్టిన గిన్నెలో తిండి యుండును, మరియొక మూల గిన్నెలో ఉండదని కుక్కలకు ముందుగ నేర్పిరి. తరువాత నడుమ నొక గిన్నె పెట్టి, ఎంత వేగముగ పోవునో చూచిరి. ఆశగల కుక్క వేగముగ పోవును, నిరాశగలది తటపటాయించును. రెండు వారములు వాసన వెదకుట ఆడిన కుక్కలు అంతకుమునుపటికంటె వేగముగ పోయినవి. యజమాని ప్రక్కన నడచుట నేర్చిన కుక్కలలో ఆ మార్పు లేదు. తానే వెదకి తానే కనుగొనుటలో ఏదో యున్నది. చుక్క మూడవ దినమున చిప్పను కనుగొని తోక యాడించినప్పుడు మాకీ ప్రయోగము సంగతి తెలియదు. తెలిసిన పిదప ఆశ్చర్యము కలుగలేదు.

మేము చేసిన పొరపాటొకటి చెప్పవలెను. రెండవ సూది వేసిన ఆరవ దినమున చుక్క హుషారుగ నుండుట చూచి మురిసి, పది కుక్కలు చేరు మైదానమునకు తీసికొనిపోతిమి. రెండునాళ్లకు దానికి జ్వరము. వైద్యుడు మమ్ము గట్టిగనే మందలించినాడు. సూది వేసిన పిదప సుమారు ఐదవ దినమునుండి పదవ దినము వరకు రక్తములోని తెల్లకణములు తగ్గును; పైకి కుక్క బాగుగనే కనబడును. ఆ దినములలో ఇతర కుక్కల పొత్తు, మురుగునీరు, పచ్చిమాంసము కూడవు. కుక్క ఒంటివేడి మామూలుగ 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకుండును; 103 దాటినచో తెల్లవారువరకు ఆగక వైద్యునకు చెప్పవలెను. మొదటి నెలలో సూదులు వారమునకొకటి గనుక, ఆ నెలంతయు పెరటి ఆటయే. తరువాత మూడు వారములకొకటి యైనప్పుడు, మూడవ వారము స్వేచ్ఛావారము. చెరువుకట్టపై షికారైనను, స్నేహితుల కుక్కతో భేటియైనను ఆ వారముననే.

అన్ని క్యాన్సర్లకు ఒకే ఆట పనికిరాదు. ఎముకలో కంతి యున్న కుక్క చిన్న మెట్టు దిగినను ఆ కాలు విరుగవచ్చును. ప్లీహములో కంతి యున్నది తీవ్రముగ పరుగెత్తినప్పుడు లోపల రక్తస్రావమై కూలిపోవచ్చును. రొమ్ము గడ్డ తీసివేసిన ఆడుకుక్కకు కుట్లు మానువరకు ఏ ఆటయు వలదు. కోలీ మొదలగు కొన్ని గొర్రెలకాపరి జాతులకు జన్యులోపమువలన విన్‌క్రిస్టిన్ అధికముగ పట్టును. "మా కుక్క ఏమి ఆడవచ్చును?" అని వైద్యుని సూటిగ అడుగవలెను. అడుగనిదే చెప్పరు, వారికి దాని జబ్బు తెలియునుగాని దాని ఆట తెలియదు.

రాయలసీమ ఎండ మరియొక శత్రువు. మేము వేకువనే ఆడుటకు కారణమదే. చైత్రవైశాఖములలో ఉదయము ఎనిమిదింటికే బండ కాలును. అరచేయి వెనుకభాగము నేలపై ఐదు క్షణములు ఆనింపలేనిచో కుక్కపాదమునకును అది తగదు. బహుమానపు ముక్కలు చిటికెడే యుండవలెను. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషములు. కోడికూరలోని ముక్క కడిగి పెట్టితిమను సమాధానము చెల్లదు, ఉల్లి పులుసులోనే యుండును. సూది వేసిన రెండు మూడు దినములు దాని మూత్రమలములలో మందు కొంత వెలువడును. చేతితొడుగులు లేక వానిని ఎత్తరాదు, గర్భిణులను, చిన్నపిల్లలను ఆ దరికి రానీయరాదు. మా ఇంట ఆ పని మగవారికే వచ్చినది. ఇందులో మేము వాదింపలేదు.

ఇక ఎప్పుడు ఆపవలెను? చిప్పలను తీసిన చప్పుడు వినగానే చుక్క లేచి వచ్చునా, పిలువవలసి వచ్చునా, పిలిచినను రాదా యని గోడమీది క్యాలెండరులో ప్రతిదినము గుర్తు పెట్టుచున్నాము. వచ్చినచో సున్న, పిలువవలసి వచ్చినచో అడ్డగీత, రానిచో ఇంటూ. మొదట మేము మా తృప్తికై వ్రాసికొన్నది. వైద్యుడు చూచి ప్రతి పర్యాయము ఆ క్యాలెండరు తెమ్మనుచున్నాడు. రక్తపరీక్ష చెప్పని సంగతి కొంత అందున్నదట. వరుసగ ఇంటూలు పడి, సూదుల నడుమనైనను సున్నలు తిరిగి రానప్పుడు, మందు కొనసాగించుటయా మానుటయా యని కూర్చుండి మాటలాడుకొందమని ముందే నిర్ణయించుకొన్నాము. ఆ మాట ఆరోగ్యముగ నున్న దినముననే అనుకొనుట మంచిది. కన్నీటి నడుమ లెక్క కుదరదు.

ఈ నెలలో ఇరువదియొక్క సున్నలు, ఐదు గీతలు, రెండు ఇంటూలు. ఆ రెండును సూది మరునాటివి. నిన్న పెద్దమ్మ తమ యింట కొట్టిన టెంకాయ చిప్పలు రెండు గోడమీదుగ అందించి, "ఇవి పెద్దవప్పా, దానికి దొరుకుతుందో లేదో చూడు" అన్నది. దొరికినది. వచ్చు సోమవారము తొమ్మిదవ సూది; మంగళవారము ఆట లేదు.