పక్కింటి గోడ లేస్తుంటే

పక్కింటి ముందు ఇసుక లారీ ఆగింది. మర్నాడు ఇటుక దిగింది. మూడోనాడు మేస్త్రి వచ్చి తాడు పట్టి ముగ్గు పోశాడు. ఆ ముగ్గు గీత మన వంటింటి కిటికీకి అడుగు దూరంలో పడింది.

అప్పుడు మనకు ఏమనిపిస్తుంది? గుండెల్లో రాయి పడుతుంది. "ఇల్లు పెంచుకుంటున్నారట. పైన స్లాబు కూడా వేస్తారట. ఇంక మన వంటింట్లోకి వెలుగు ఎక్కడిది?" అనుకుంటాం. పైకి మాత్రం ఏమీ అనం. "పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాలి, ఎందుకొచ్చిన గొడవ" అని ఊరుకుంటాం. లేకపోతే వీధిలో నిలబడి నాలుగు మాటలు అనేస్తాం. ఊరుకున్నా గోడ ఆగదు, తిట్టినా గోడ ఆగదు.

"మగవాళ్ళు చూసుకుంటారులే" అని కూడా అంటారు. కానీ రోజూ ఆ వంటింట్లో నిలబడేది ఎవరు? గ్యాసు పొయ్యి వచ్చినా తాలింపు ఘాటు పోలేదు కదా. పైగా గ్యాసు గాలికంటే బరువైనది. లీకయితే పైకి పోదు, నేలమీదే పేరుకుంటుంది. ఉన్న ఒక్క కిటికీ మూసుకుపోతే అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అందుకని ఈ విషయం ఆడవాళ్ళకే ముందు తెలియాలి.

మొదట ఒక మాట ఒప్పుకుందాం. ఎవరి జాగాలో వాళ్ళు ఇల్లు కట్టుకోవచ్చు. కొడుక్కి పెళ్ళయితే ఇంకో గది కావాలి. అది వాళ్ళ అవసరం. వాళ్ళ మేడ మన ఇంటికంటే ఎత్తయిందని, మన అరుగు మీదనుంచి గుడి కనపడటం లేదని మనం అడ్డం చెప్పలేం. అలాంటి మాటలతో మొదలుపెడితే మన అసలు బాధ కూడా ఎవరూ వినరు.

అయితే వాళ్ళ హక్కు వాళ్ళ హద్దు దాకానే. గోడ గాని, మెట్లు గాని, సన్ షేడు గాని మన జాగా మీదికి రాకూడదు. గాలిలో ఉన్నా సరే, కింద నేల మనదయితే పైన కూడా మనదే. వాళ్ళ కప్పు మీది వాన నీళ్ళు మన గోడ మీద పడేలా గొట్టం పెట్టకూడదు. వాళ్ళు పునాది తవ్వితే మన గోడ జారకూడదు. మరుగుదొడ్డి గుంట మన మంచినీళ్ళ బావికి దగ్గరగా తవ్వకూడదు. కనీసం 10 మీటర్లు, అంటే దాదాపు 33 అడుగులు, దూరం ఉంటే మంచిది.

పునాది మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మన పాత ఇళ్ళు చాలా వాటికి మట్టి గోడలు, లోతులేని పునాదులు. వాటి పక్కన పొడుగునా ఒకేసారి కందకం తవ్వితే గోడ కింద మట్టి జారుతుంది. వానలు పడేటప్పుడైతే మరీ ప్రమాదం. మూడు నాలుగు అడుగుల ముక్క తవ్వి, అది కట్టి పూడ్చిన తరువాత ఇంకో ముక్క తవ్వాలి. ఈ మాట మేస్త్రికి మీరే చెప్పవచ్చు. మంచి మేస్త్రికి ఇది తెలిసిన విషయమే. తొందరలో చెయ్యడు, అంతే.

ఇప్పుడు పెట్టె తెరిచి దస్తావేజు తియ్యండి. ఇన్నాళ్ళూ అది ఎవరో చదివి చెబితే విన్నాం. ఇప్పుడు మనమే చదువుకోవచ్చు. భాష కొంచెం పాతగా ఉంటుంది. బెదరకండి. ముందు "హద్దులు" అనే మాట వెతకండి. దాని కింద తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు వైపులా ఏమున్నాయో రాసి ఉంటుంది. "పడమర: ఫలానా వారి ఇల్లు" అన్నచోట పక్కింటాయన పేరు కాకుండా వాళ్ళ తాతగారి పేరు ఉండవచ్చు. దస్తావేజు రాసిన నాటి పేరు అది. తప్పేమీ కాదు. "పడమర: ఉమ్మడి సందు" అని ఉంటే ఆ సందు ఇద్దరిదీ. "పడమర: మా సొంత గోడ" అని ఉంటే ఆ గోడ మనది.

తరువాత కొలతలు చూడండి. తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 40 అడుగులు అని ఉందనుకుందాం. 30ని 40తో గుణిస్తే 1200 చదరపు అడుగులు. 9 చదరపు అడుగులు ఒక గజం. కాబట్టి ఇది దాదాపు 133 గజాలు. సెంట్లలో రాస్తే రెండు ముప్పావు సెంట్లు. కాగితంలో అంకె దీనితో సరిపోయిందా? సరిపోతే ఇక టేపు తియ్యండి. మన ఇల్లు తూర్పు గోడనుంచి పడమర గోడకు 27 అడుగులే వచ్చింది. తూర్పు గోడ సరిగ్గా హద్దు మీదే ఉంది. అయితే పడమర పక్క ఇంకా 3 అడుగుల జాగా మనదే. అది ఖాళీగా ఉందని ఎవరిదీ కాకుండా పోదు.

అసలు తగాదా ఎక్కడ వస్తుందో తెలుసా? ఎక్కడినుంచి కొలవాలి అనే దగ్గర. అందుకే కదలని గుర్తునుంచి కొలవాలి. పాత హద్దు రాయి, బావి గట్టు, రోడ్డు అంచు లాంటివి. అదీ ఒంటరిగా కాదు. టేపు ఒక చివర మనం పట్టుకుంటే రెండో చివర పక్కింటివాళ్ళు పట్టుకోవాలి. తేలకపోతే సర్వేయరుచేత కొలిపించమని ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవచ్చు.

దస్తావేజు పోయిందా? సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఇస్తారు. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలమైతే పట్టా ఉంటుంది. ఆ పట్టాలు చాలావరకు ఆడవాళ్ళ పేరుమీదే ఉన్నాయి. అంటే అర్జీ మీద సంతకం పెట్టవలసింది మీరే. గ్రామకంఠంలో తాతలనాటి ఇళ్ళకు చాలామందికి ఏ కాగితమూ ఉండదు. అలాంటి ఇళ్ళను కొలిచి కార్డు ఇవ్వటానికే 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. కార్డు చేతికి రానివాళ్ళు ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు దాచుకోవాలి. ఆ ఇంట్లో మనం ఎన్నాళ్ళనుంచి ఉంటున్నామో అవి చెబుతాయి.

ఇక వెలుగు సంగతి. పక్కింటివాళ్ళు వాళ్ళ జాగాలోనే గోడ కడుతున్నారు. కానీ మన కిటికీకి అడ్డం వస్తోంది. అప్పుడేమిటి?

1882లో వచ్చిన చట్టం ఒకటుంది. దాన్ని ఈజ్‌మెంట్ల చట్టం అంటారు. పేరు నోరు తిరగదుగాని విషయం తేలికే. ఒక కిటికీ గుండా మన ఇంట్లోకి 20 ఏళ్ళపాటు అడ్డం లేకుండా, గొడవ లేకుండా వెలుగూ గాలీ వస్తుంటే, ఆ వెలుగు మీద, ఆ గాలి మీద మనకు హక్కు ఏర్పడుతుంది. ఎప్పటినుంచో నడుస్తున్న దారికి కూడా ఇదే లెక్క. కాని "మీరు సరేనంటే ఇటునుంచి వెళ్తాం" అని అడిగి నడిచిన దారికి ఈ హక్కు రాదు. అది వాళ్ళ దయ. నిరుడు పెట్టించిన కిటికీకి కూడా రాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వెలుగు కొద్దిగా తగ్గితే చాలదు. ఇంట్లో ఉండటానికి, పని చేసుకోవటానికి ఇబ్బంది అయ్యేంత తగ్గాలి. అంతేకాదు, అడ్డం పడిందని తెలిసి కూడా ఏడాదిపాటు ఊరుకుంటే, ఊరుకోవటమే ఒప్పుకోవటం కిందికి వస్తుంది. పదిమందిలో నోరెత్తటం ఇష్టంలేక ఆడవాళ్ళు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. కిటికీ ఎప్పటిదో చెప్పగల పెద్దవాళ్ళు ఎవరున్నారో గుర్తు తెచ్చుకోండి. పెళ్ళినాటి ఫొటోలో ఆ కిటికీ పడి ఉంటే అది కూడా సాక్ష్యమే.

కాగితాలు చూసుకున్నాక పక్కింటికి వెళ్ళాలి. అర్జీకి ముందు మాట. పునాది తియ్యకముందే వెళ్ళాలి. మేస్త్రి, కూలీలు ఉన్నప్పుడు కాదు. వాళ్ళ ముందు అడిగితే పంతం వస్తుంది. సాయంత్రం పనులయ్యాక, దస్తావేజు చేత్తో పట్టుకుని వెళ్ళండి. మాట ఇలా ఉండవచ్చు:

"వదినా, ఇల్లు కట్టుకుంటున్నారు, సంతోషం. ఒక్క సంగతి. ఆ గోడ అక్కడే లేస్తే మా వంటిల్లు చీకటి అవుతుంది. అన్నయ్యగారిని కూడా పిలువు, ఒకసారి మా వంటింట్లోకి వచ్చి చూడండి."

"మా జాగాలోనే కదమ్మా కట్టుకునేది?"

"మీ జాగాలోనే వదినా, కాదనను. ఆ కిటికీ మా అత్తగారి నాటిది. గోడ రెండడుగులు అవతలికి జరిపితే మీ గదీ వస్తుంది, మా వెలుగూ ఉంటుంది. రేపు ఇద్దరం కలిసి టేపు పెట్టి చూద్దాం."

చూశారా? "కట్టొద్దు" అనలేదు. ఎక్కడ జరపాలో, ఎంత జరపాలో చెప్పింది. నాకు తెలిసినంతలో కట్టొద్దంటే ఎవరూ వినరు, రెండడుగులు జరపమంటే కొందరైనా వింటారు. గోడ జరపటం కుదరకపోతే ఎత్తు తగ్గించవచ్చు. మన కిటికీకి ఎదురుగా వాళ్ళ కిటికీ రాకుండా చూసుకోవచ్చు. వాన గొట్టం వీధివైపు తిప్పవచ్చు.

విననే వినరనుకోండి. అప్పుడు పంచాయతీ ఆఫీసు. ఊళ్ళో ఇల్లు కట్టాలన్నా, పెంచాలన్నా పంచాయతీ అనుమతి తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఈ మాట చెబుతోంది. పట్నంలోనైతే మున్సిపాలిటీ అనుమతి. ఇంటి చుట్టూ కొంత జాగా వదలాలి. ఎంత వదలాలన్నది స్థలం కొలతను బట్టి, ముందున్న రోడ్డును బట్టి మారుతుంది. అనుమతి ఇచ్చిన ప్లానులో అది గీసి ఉంటుంది. నోటితో చెబితే కార్యదర్శి "చూద్దాంలే అమ్మా" అంటాడు. కాగితం ఇస్తే జవాబు చెప్పాలి. అర్జీ ఇలా రాయండి:

పంచాయతీ కార్యదర్శి గారికి,
............ గ్రామం.

అయ్యా,
నా పేరు ............ మా ఇంటి నంబరు ........ మా ఇంటికి పడమర పక్క ........ తేదీన కొత్త గోడ పని మొదలుపెట్టారు. ఆ గోడ మా వంటింటి కిటికీకి ఒక అడుగు దూరంలో వస్తోంది. ఈ కట్టడానికి అనుమతి ఉన్నదా, ప్లానులో ఎంత జాగా వదలాలని ఉన్నదో చూడగలరు. స్థలానికి వచ్చి కొలిపించగలరు. అంతవరకు పని ఆపించవలసిందిగా కోరుతున్నాను.

సంతకం, తేదీ.

దీన్ని రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. అదే మీ రసీదు. ప్లాను చూపించనంటే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. దాని కింద ఆ ప్లాను నకలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులో ఈ అర్జీకి ఫీజు లేదు.

కాని 30 రోజుల్లో గోడ లేచిపోతుంది కదా? నిజమే. గోడ ఆగేలా లేదంటే ఆలస్యం చెయ్యకుండా న్యాయ సేవా సంస్థ దగ్గరకు వెళ్ళాలి. జిల్లా కోర్టు ఆవరణలో ఆ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. "మీకు పొలం ఉంది కదా" అని కాదనటానికి లేదు. పని ఆపమని కోర్టు ఇచ్చే ఆర్డరును ఇంజంక్షను అంటారు. పునాది దశలో అడిగితే ఒక లెక్క. స్లాబు పడ్డాక కూలగొట్టించటం చాలా కష్టం. అప్పుడు కోర్టు ఒక్కోసారి నష్టపరిహారం ఇప్పించి సరిపెడుతుంది. డబ్బుతో వంటింట్లోకి వెలుగు రాదు.

కేసు దాకా పోకుండానే లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పు. ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టేముందు ప్రతి మాటా చదువుకోండి. అర్థం కాని మాట ఉంటే అడగండి. "అందరూ పెట్టారు, నువ్వూ పెట్టు" అంటే పెట్టకండి.

ఊళ్ళోనే పెద్దల ముందు ఒప్పందం కుదిరినా దాన్ని కాగితం మీద పెట్టాలి. "కొంచెం జరుపుతాం" అని రాస్తే చాలదు. గోడ మన గోడకు ఎన్ని అడుగుల దూరం, ఎంత ఎత్తు, నీళ్ళ గొట్టం ఏ వైపు, తవ్వేటప్పుడు మన గోడ పగిలితే ఎవరు బాగుచేయించాలి, ఇవన్నీ అంకెలతో సహా ఉండాలి. రెండిళ్ళ ఆడవాళ్ళూ సంతకం చెయ్యాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రతి. పని మొదలయ్యేముందు మన గోడను ఫోనుతో నాలుగు ఫొటోలు తీసి ఉంచండి. పగుళ్ళు ముందునుంచే ఉన్నాయా, తరువాత వచ్చాయా అనే వాదన రాదు.

ఇల్లు పూర్తయ్యాక మొదటి పెద్ద వాన పడిన రోజు బయటికి వచ్చి చూడండి. వాళ్ళ స్లాబు నీళ్ళు ఎటు పడుతున్నాయి? మన గోడ తడుస్తుంటే ఆ వారంలోనే చెప్పండి. గొట్టం తిప్పటం ఒక్క పూట పని.